మల్టీఫోకల్ కటకం: మసకను ఎక్కడికి జరపాలన్నదే లెక్క

ఒకే కంటి చీటీతో రెండు జతల ప్రోగ్రెసివ్ అద్దాలు, అంటే మధ్యలో గీత లేకుండా దూరాన్నీ దగ్గరనూ చూపించేవి, చేయించుకుంటే, ఒక జత పెట్టుకున్న రోజే అలవాటైపోవడం, రెండో జత మాత్రం నెల గడిచినా తల తిప్పినప్పుడల్లా నేల ఊగినట్లు అనిపించడం చాలామందికి ఎదురయ్యే అనుభవమే. పవర్ తప్పు పడిందేమోనని మళ్లీ పరీక్ష చేయిస్తే అంకెలన్నీ సరిగానే ఉంటాయి. శుక్లాల ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారి తికమక మరో రకం. కంటిలో పెట్టే కటకం మోనోఫోకల్ కావాలా, మల్టీఫోకల్ కావాలా, ట్రైఫోకల్ కావాలా అని అడిగితే, ఆ పేర్ల వెనక ఏముందో తెలియకుండానే జవాబు చెప్పవలసి వస్తుంది.

ఈ రెండు తికమకలకూ మూలం ఒక్కటే. ఒకే కటకం దూరాన్నీ దగ్గరనూ చూపించాలంటే ఎక్కడో ఒకచోట స్పష్టత తగ్గక తప్పదు. తయారీలో ఎంత జాగ్రత్త పడినా జ్యామితీ, కాంతి స్వభావమూ విధించే హద్దు ఇది. ఆ మసకను పూర్తిగా చెరపడం ఎవరి తరమూ కాదు. అది ఎక్కడ పడాలి, ఎంత పడాలి అన్నది మాత్రం కటకాన్ని రూపొందించేవారి చేతిలో ఉంటుంది. రకరకాల పేర్లతో దొరికే మల్టీఫోకల్ కటకాలన్నీ ఈ ఒక్క ప్రశ్నకు ఇచ్చిన వేర్వేరు జవాబులే.

చత్వారం వచ్చిన కంటికి ఎంత లోటు?

కటకం పవర్‌ను డయాప్టర్లలో కొలుస్తారు. దూరం నుంచి వచ్చే కాంతి కిరణాలు కటకం దాటి కలిసే బిందువు నాభి, కటకం నుంచి నాభికి ఉన్న దూరం నాభ్యంతరం. నాభ్యంతరాన్ని మీటర్లలో తీసుకుని దానితో ఒకటిని భాగిస్తే వచ్చేదే డయాప్టర్. అదే లెక్క ప్రకారం, దూరంలో ఉన్నవాటికి సరిపోయిన కన్ను 40 సెంటీమీటర్ల దగ్గర పట్టుకున్న పుస్తకాన్ని చదవాలంటే ఒకటిని 0.4తో భాగించినంత, అంటే 2.5 డయాప్టర్ల పవర్ అదనంగా తెచ్చుకోవాలి. బల్ల మీది కంప్యూటర్ తెర 66 సెంటీమీటర్ల దూరంలో ఉంటే అందుకు 1.5 డయాప్టర్లు చాలు.

చిన్న వయసులో ఈ అదనపు పవర్‌ను కన్నే సమకూర్చుకుంటుంది. కంటి లోపలి కండరం బిగుసుకున్నప్పుడు కటకం ఉబ్బి, దాని వక్రత పెరుగుతుంది. వయసు పెరిగేకొద్దీ ఆ కటకం గట్టిపడి, కండరం ఎంత బిగిసినా ఉబ్బడం మానేస్తుంది. దీనినే చత్వారం అంటాము. వయసును బట్టి అంచనా వేసే హాఫ్‌స్టెటర్ సూత్రం ప్రకారం సగటు కంటికి మిగిలి ఉండే సర్దుబాటు శక్తి, 18.5 నుంచి వయసులో 0.3 వంతును తీసివేసినంత. అంటే 20 ఏళ్లకు 12.5 డయాప్టర్లు, 40 ఏళ్లకు 6.5, 50కి 3.5, 60కి కేవలం 0.5.

నలభై దాటినా 6 డయాప్టర్లు ఉన్నప్పుడు 2.5 అవసరమైన పుస్తకం చదవడానికి ఇబ్బంది ఎందుకు మొదలవుతుందన్న సందేహం న్యాయమైనదే. ఉన్న శక్తినంతా బిగబట్టి గంటల తరబడి చదవడం సాధ్యం కాదు. సుమారు సగం వాడితేనే కంటికి సుఖం. పైగా సూత్రం చెప్పేది సగటు మాత్రమే, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. ఒకరి కంటిలో 2 డయాప్టర్ల శక్తి మిగిలి ఉందనుకుంటే, అందులో సుఖంగా వాడుకోగలిగేది 1. చదవడానికి కావలసిన 2.5లో మిగతా 1.5 డయాప్టర్లను అద్దం ఇవ్వాలి. కంటి చీటీలో అడిషన్ అని రాసేది ఈ అంకెనే. మల్టీఫోకల్ రూపకల్పనలో కష్టసుఖాలన్నీ ఈ అడిషన్ పెద్దదా చిన్నదా అన్నదాని మీద ఆధారపడతాయి.

గీత ఉన్న అద్దంలో బొమ్మ ఎందుకు ఎగురుతుంది?

అన్నిటికన్నా సూటి పరిష్కారం, ఒకే ఫ్రేములో రెండు పవర్లను పైనా కిందా అమర్చడం. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1785లో ఒక మిత్రుడికి రాసిన లేఖలో, రెండు రకాల అద్దాలను సగానికి కోయించి ఒకే ఫ్రేములో బిగించుకున్నానని వివరించాడు. భోజనాల బల్ల దగ్గర కింది సగంతో తినేదాన్నీ, పై సగంతో ఎదుటివారి ముఖాన్నీ చూడగలుగుతున్నాననీ, మాట్లాడేవారి ముఖకదలికలు కనిపించడం వల్ల ఫ్రెంచి భాష తనకు మెరుగ్గా అర్థమవుతోందనీ రాశాడు. బైఫోకల్ అవసరాన్ని ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన మాట నేను చదవలేదు. మధ్య దూరం కోసం మూడో పవర్ చేర్చిన ట్రైఫోకల్‌ను 1827 ప్రాంతంలో జాన్ ఐజాక్ హాకిన్స్ రూపొందించాడు.

బైఫోకల్‌లో మసక ఉన్నది గీత దగ్గరే. కటకం కేంద్రం నుంచి పక్కకు జరిగి చూసినప్పుడు అది పట్టకంలా పనిచేసి బొమ్మను జరుపుతుంది. ఎంత జరుపుతుందన్నది, కేంద్రం నుంచి జరిగిన దూరాన్ని సెంటీమీటర్లలో తీసుకుని పవర్‌తో గుణిస్తే తెలుస్తుంది. ఇలా వచ్చే ప్రిజం డయాప్టర్ ఒకటి అయితే, మీటరు దూరంలో బొమ్మ ఒక సెంటీమీటరు జరిగినట్లు.

కింద 22 మిల్లీమీటర్ల గుండ్రటి దగ్గరచూపు భాగం ఉన్న అద్దాన్ని తీసుకుందాం. దాని కేంద్రం పై అంచుకు 11 మిల్లీమీటర్ల కింద ఉంటుంది. అడిషన్ 2 డయాప్టర్లయితే, చూపు గీత దాటిన క్షణంలో 1.1ని 2తో గుణించినంత, అంటే 2.2 ప్రిజం డయాప్టర్ల మార్పు ఒక్కసారిగా వస్తుంది. మెట్లు దిగుతూ మీటరున్నర దూరంలోని మెట్టు అంచును చూస్తుంటే, ఆ అంచు 3.3 సెంటీమీటర్లు పైకి ఎగిరినట్లు కనిపిస్తుంది. పై అంచు బల్లపరుపుగా ఉండే డి ఆకారపు బైఫోకల్‌లో కేంద్రం గీతకు 5 మిల్లీమీటర్ల దిగువనే ఉంటే, అదే లెక్కన ఎగురుడు 1.5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. బదులుగా గీత మరింత కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది.

రెండో చిక్కు మధ్య దూరానిది. సర్దుబాటు శక్తి దాదాపు అయిపోయి 2.5 అడిషన్ వాడుతున్నవారికి, 66 సెంటీమీటర్ల దూరంలోని తెర చూడాలంటే పై భాగంలో 1.5 డయాప్టర్ల లోటు, కింది భాగంలో 1 డయాప్టర్ ఎక్కువ. ఏ భాగంలోంచి చూసినా మసకే.

గీతను చెరిపితే మసక పక్కలకు పోతుంది

ఈ రెండు చిక్కులకూ ఊహలో పరిష్కారం తేలిక: పవర్‌ను ఒక్కసారిగా మార్చకుండా, పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోవాలి. ఈ ఆలోచనకు బ్రిటన్‌లో ఓవెన్ ఏవ్స్ 1907లోనే పేటెంటు తీసుకున్నాడు. విస్తృతంగా వాడుకలోకి వచ్చిన మొదటి ప్రోగ్రెసివ్ అద్దం మాత్రం ఫ్రెంచి ఇంజినీరు బెర్నార్ మెత్నాజ్ రూపొందించిన వారిలక్స్. అది 1959లో బయటికి వచ్చింది. ఊహకూ వస్తువుకూ మధ్య యాభై ఏళ్లు పట్టడానికి కారణం ఆ ఉపరితలంలోనే ఉంది.

అద్దం పై భాగం ఒక పెద్ద బంతి మీది ముక్క అనుకోండి, కింది భాగం చిన్న బంతి మీది ముక్క. మధ్యలో ఒక్కో అడుగుకు కొంచెం కొంచెం చిన్నదవుతున్న బంతుల నుంచి సన్నటి అడ్డుపేలికలు కోసి, ఒకదాని కింద ఒకటి పేర్చామనుకోండి. నడుమ నిలువుగీత వెంట అవి చక్కగా కలిసిపోతాయి. పక్కలకు వచ్చేసరికి చిన్న బంతి పేలిక పెద్ద బంతి పేలిక కన్నా త్వరగా వాలిపోతుంది కాబట్టి అంచులు మెట్లుమెట్లుగా తయారవుతాయి. ఆ మెట్లను నున్నగా కలపాలంటే ఉపరితలాన్ని మెలిపెట్టక తప్పదు. మెలిపడినచోట ఒక దిశలో వక్రత ఒకలా, దానికి అడ్డదిశలో మరోలా ఉంటుంది. ఇదే ఎవరూ కోరని సిలిండర్ పవర్.

ఎంత మెలి అన్నదానికి 1963లో గుంటర్ మింక్‌విట్జ్ గణిత నియమం ఇచ్చాడు. మధ్యగీత వెంట పవర్ మిల్లీమీటరుకు ఎంత చొప్పున పెరుగుతుందో, ఆ గీత నుంచి పక్కకు జరిగేకొద్దీ అక్కరలేని సిలిండర్ దానికి రెట్టింపు చొప్పున పెరుగుతుంది. గీతకు అతి దగ్గరలోనే ఈ నియమం ఖచ్చితం, దూరం జరిగేకొద్దీ అంచనాగా మాత్రమే పనికొస్తుంది. అయినా దీన్ని అంకెల్లో పెట్టి చూస్తే మొదట చెప్పిన రెండు జతల కథ చాలావరకు విడిపోతుంది.

అడిషన్ 2 డయాప్టర్లు, అది 14 మిల్లీమీటర్ల పొడవున పెరుగుతోంది అనుకుందాం. ఈ పొడవునే కారిడార్ అంటారు. పెరుగుదల మిల్లీమీటరుకు 0.14 డయాప్టర్లు, పక్కకు సిలిండర్ మిల్లీమీటరుకు 0.29 చొప్పున వస్తుంది. అర డయాప్టర్ వరకు కన్ను ఓర్చుకుంటుందనుకుంటే, గీతకు అటు 1.75, ఇటు 1.75, మొత్తం మూడున్నర మిల్లీమీటర్ల వెడల్పు దారి దొరుకుతుంది. ఫ్రేము ఎత్తు తక్కువని అదే అడిషన్‌ను 10 మిల్లీమీటర్లలో కుదిస్తే ఆ దారి రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గిపోతుంది. రెండు జతల చీటీ ఒకటే అయినా, ఫ్రేము మారగానే చూపు నడిచే దారి ఇరుకైపోయింది. అడిషన్ ఒకే ఒక డయాప్టర్ ఉన్నవారికి 14 మిల్లీమీటర్ల కారిడార్‌లో ఏడు మిల్లీమీటర్ల దారి ఉంటుంది. చత్వారం మొదలైన తొలినాళ్లలోనే ప్రోగ్రెసివ్‌కు మారినవారు సులువుగా అలవాటు పడటానికి ఇది పెద్ద కారణం.

అక్కరలేని సిలిండర్ మొత్తాన్ని రెండు మూలలకు నెట్టి, దూరపు భాగాన్నీ చదివే భాగాన్నీ విశాలంగా, శుభ్రంగా ఉంచడం ఒక పద్ధతి. ఇలాంటివాటిని హార్డ్ డిజైన్ అంటారు. వీటిలో స్పష్టమైన చోటు ఎక్కువ, కానీ దాని అంచు దాటగానే మసక ఒక్కసారిగా మీదపడుతుంది. మూలల్లో సిలిండర్ వేగంగా మారడం వల్ల తల తిప్పితే గుమ్మం నిలువుకమ్మీ వంగి లేచినట్లు కనిపిస్తుంది. మసకను అద్దమంతా పలుచగా పరిచేది సాఫ్ట్ డిజైన్. ఇందులో ఊగుడు తక్కువ, కానీ కొంత మసక దూరపు భాగంలోకి కూడా పాకుతుంది. ఎక్కువగా నడుస్తూ, అటూ ఇటూ తిరుగుతూ ఉండేవారికీ, కదలకుండా కూర్చుని గంటల తరబడి చదివేవారికీ ఒకే పంపకం నప్పదు.

అద్దం మీది కనిపించని గుర్తులు

ప్రోగ్రెసివ్ అద్దాన్ని చేతిలోకి తీసుకుని నోటి ఆవిరి పట్టించి, దీపానికి ఏటవాలుగా పట్టుకుని చూస్తే, ఆవిరి ఆరిపోతుండగా రెండు పక్కలా వెంట్రుకవాసి గీతలతో చెక్కిన చిన్న గుర్తులు తేలుతాయి. ఆ రెంటి మధ్య దూరం 34 మిల్లీమీటర్లు. చెవివైపు ఉన్న గుర్తు కింద సాధారణంగా అడిషన్ అంకె కనిపిస్తుంది. అద్దం బిగించిన తర్వాత కారిడార్ ఎక్కడ మొదలవుతుందో తిరిగి కనిపెట్టడానికి ఆధారం ఈ గుర్తులే. కొత్త అద్దంపై తుడిస్తే పోయే రంగుతో వేసిన కూడలి గుర్తు, మనిషి సూటిగా చూస్తున్నప్పుడు కనుపాప మధ్యకు రావాలి. చదివేటప్పుడు కళ్లు ముక్కువైపు తిరుగుతాయి కనుక, చదివే భాగం సాధారణంగా రెండున్నర మిల్లీమీటర్ల మేర లోపలికి జరిగి ఉంటుంది.

దారి వెడల్పే మూడు మిల్లీమీటర్లయినప్పుడు కొలతలో తప్పు ఎంత ఖరీదో లెక్క కట్టవచ్చు. పైన చెప్పిన 14 మిల్లీమీటర్ల కారిడార్ ఉన్న అద్దం 2 మిల్లీమీటర్లు పక్కకు బిగిస్తే, కన్ను పడే చోట అప్పటికే 0.57 డయాప్టర్ల సిలిండర్ ఉంటుంది. అద్దం ఎంత మేలురకమైనా దీన్ని పూడ్చలేదు.

ఇక ఫ్రీఫామ్ విషయం. పాత పద్ధతిలో ప్రోగ్రెసివ్ ఉపరితలం అచ్చుల్లో ముందే పోతపోసి ఉండేది, వెనక భాగాన్ని మాత్రమే చీటీ ప్రకారం అరగదీసేవారు. అచ్చుల సంఖ్య పరిమితం కాబట్టి, అచ్చుకు సరిపోని చీటీలవారికి అంచులు అదనంగా మసకబారేవి. ఫ్రీఫామ్ పద్ధతిలో కంప్యూటర్ నడిపే వజ్రపు ముల్లు ఉపరితలాన్ని బిందువు బిందువుగా చెక్కుతుంది. అద్దం కంటికి ఎంత దూరంలో ఉంది, ఎంత వాలింది, ముఖం చుట్టూ ఎంత వంగింది అన్న కొలతలను కూడా లెక్కలో కలుపుకోవచ్చు. ఈ లాభం నిజమైనదే, ముఖ్యంగా ఎక్కువ పవర్, ఎక్కువ సిలిండర్ ఉన్నవారికి. అయితే మింక్‌విట్జ్ నియమాన్ని ఇది రద్దు చేయదు. పక్కల మసకే లేని ప్రోగ్రెసివ్ అన్న మాట వినిపించినప్పుడు, ఆ మసకను తగ్గించారా, కంటికి తగలని చోటికి జరిపారా అన్నది చూడాలి.

కంటిలోపల పంచుకోవలసింది వెలుగు

కళ్లద్దం వెనక కన్ను కిందికీ పైకీ తిరుగుతుంది కాబట్టి, అద్దంలో ఒక్కో చోట ఒక్కో పవర్ పెట్టవచ్చు. కాంటాక్ట్ లెన్సు కంటితో పాటే కదులుతుంది. కంటిలో అమర్చిన కటకం కూడా అంతే. కనుపాప ఎప్పుడూ ఒకే చోటులోంచి చూస్తుంది. అందువల్ల ఇక్కడ చోటును పంచడం కుదరదు, వచ్చే వెలుగునే దూరానికింత, దగ్గరకింత అని పంచాలి. రెండు బొమ్మలూ ఒకేసారి కంటి వెనక తెర అయిన రెటీనా మీద పడతాయి, ఒకటి స్పష్టంగా, మరొకటి దాని మీద పలుచటి పొరలా. కావలసినదాన్ని ఎంచుకోవడం మెదడు నేర్చుకోవాలి. అందుకు కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది.

శుక్లం తీసిన కంటిలో కృత్రిమ కటకాన్ని మొదట అమర్చినది లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ, 1949లో. మల్టీఫోకల్ రకాలు 1980లలో మొదలయ్యాయి. నేడు వాటిలో చాలావరకు వివర్తనం మీద, అంటే సన్నటి అంచుల దగ్గర కాంతి వంగి పరుచుకునే గుణం మీద పనిచేస్తాయి. కటకం మీద ఒకే కేంద్రం చుట్టూ వలయాలు చెక్కుతారు. ఒక్కో వలయం నుంచి దగ్గరి నాభికి చేరే వెలుగు, దాని లోపలి వలయం వెలుగు కన్నా సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం ఎక్కువ దూరం ప్రయాణించేలా వ్యాసార్ధాలను నిర్ణయిస్తారు. అప్పుడు అన్ని వలయాల వెలుగూ అక్కడ ఒకదాన్నొకటి బలపరుచుకుంటుంది. కటకం వద్ద 3 డయాప్టర్ల అడిషన్ కావాలంటే, 550 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగుకు మొదటి వలయం వ్యాసార్ధం 0.61 మిల్లీమీటర్లు, తర్వాతివి 0.86, 1.05, 1.21. బయటికి పోయేకొద్దీ వలయాలు సన్నబడతాయి, కానీ ఒక్కోదాని వైశాల్యం సమానం.

వలయానికీ వలయానికీ మధ్య ఉండే మెట్టు ఎత్తే వెలుగు పంపకాన్ని నిర్ణయిస్తుంది. మెట్టు వల్ల వెలుగు సగం తరంగదైర్ఘ్యం వెనకబడితే, దూరపు నాభికి 40.5 శాతం, దగ్గరి నాభికి 40.5 శాతం చేరుతాయి. మిగిలిన 19 శాతం ఏ నాభికీ చెందకుండా చెదిరిపోతుంది. కటకం పదార్థపు వక్రీభవన గుణకం 1.55 అయితే ఆ మెట్టు ఎత్తు దాదాపు 1.3 మైక్రాన్లు మాత్రమే. అంత చిన్న మెట్టు ఒక మనిషి చూపును రెండుగా పంచుతుందన్నది ఎన్నిసార్లు తలచుకున్నా నాకు అబ్బురంగానే ఉంటుంది.

ట్రైఫోకల్ కటకం ఇలా వృథాగా పోయే వెలుగులో కొంతను మధ్య దూరానికి మళ్లిస్తుంది. దానికోసం దూరం, దగ్గరల వాటాలు కూడా మారతాయి. అపోడైజ్డ్ రకాల్లో మెట్లు అంచువైపు క్రమంగా పొట్టివవుతాయి. దానితో రాత్రిపూట కనుపాప పెద్దదైనప్పుడు ఎక్కువ వెలుగు దూరపు చూపుకు వెళ్తుంది. మసక వెలుతురులో చదవడం మాత్రం కష్టమవుతుంది. నాభి లోతు పెంచిన కటకాలు, అంటే ఈడాఫ్ రకం, వేరువేరు నాభులకు బదులు ఒకే నాభిని పొడవుగా సాగదీస్తాయి. తెర చూడటానికి హాయి, సన్నని అక్షరాలకు మాత్రం తరచుగా చదివే అద్దాలు కావాలి.

రాత్రి దీపాల చుట్టూ కనిపించే వెలుగు వలయాలకు కారణం కూడా ఈ పంపకమే. దూరపు దీపాన్ని చూస్తున్నప్పుడు దగ్గరి నాభికి వెళ్లిన వెలుగు రెటీనాకు ముందే కలిసి, రెటీనా మీద పలుచటి బిళ్లలా పరుచుకుంటుంది. దాని కోణాన్ని, కనుపాప వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని డయాప్టర్లతో గుణించి అంచనా వేయవచ్చు. కంటిలోని 3 డయాప్టర్లు కళ్లద్దం లెక్కలో సుమారు 2.5కు సమానం. రాత్రి కనుపాప 5 మిల్లీమీటర్లయితే 0.0125 రేడియన్లు, అంటే 0.7 డిగ్రీలు. ఆకాశంలో పున్నమి చంద్రుడి వెడల్పు అర డిగ్రీ. ఎదురుగా వచ్చే ప్రతి వాహన దీపం చుట్టూ చంద్రబింబం కన్నా పెద్దదైన పలుచటి కాంతి కనిపిస్తుందన్నమాట. కళ్లద్దం లెక్కలో అడిషన్ 1.5 డయాప్టర్లే అయితే అది 0.43 డిగ్రీలకు తగ్గుతుంది.

ఒకే నష్టం, వేర్వేరు జీవితాలు

మల్టీఫోకల్ కటకాన్ని సమర్థించేవారు, లేచింది మొదలు పడుకునేదాకా కళ్లద్దాలు వెతుక్కోనవసరం లేని స్వేచ్ఛను చూపిస్తారు. ఆపరేషన్ చేయించుకున్న చాలామంది సంతృప్తి అందుకు సాక్ష్యం. జాగ్రత్త చెప్పేవారు కాంట్రాస్ట్, అంటే వెలుగునీడల తేడా కనిపించడం, తగ్గుతుందని గుర్తు చేస్తారు. రెటీనా జబ్బు, గ్లాకోమా (నీటికాసులు) వంటివి ఉన్న కంటికి అప్పటికే కాంట్రాస్ట్ తక్కువ. ఉన్న వెలుగును మళ్లీ పంచితే ఆ లోటు మరింత పెరుగుతుందన్న వారి వాదన బలమైనది. వారు సూచించేది ఒకే నాభి ఉండే మోనోఫోకల్ కటకం, చదవడానికి విడిగా అద్దాలు. ఒక కంటిని దూరానికీ మరో కంటిని దగ్గరకూ సరిచేసే మోనోవిజన్ మూడో దారి. అందులో వదులుకునేది రెండు కళ్లూ కలిసి ఇచ్చే లోతు అంచనాలో కొంత. కళ్లద్దాన్ని నచ్చకపోతే తీసి పక్కన పెట్టవచ్చు, కంటిలోని కటకాన్ని మార్చాలంటే ఇంకో ఆపరేషన్ కావాలి. రాత్రి వాహనం నడపడమే వృత్తిగా ఉన్నవారికి ఆ 0.7 డిగ్రీల బిళ్ల రోజూ ఎదురవుతుంది. పగటిపూట చదువుకునేవారికి దాని ఊసే ఉండకపోవచ్చు.

కళ్లద్దాల విషయంలో ఇలాంటి తూకాన్నే ప్రయోగంతో కొలిచారు. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగం 40 సెంటీమీటర్ల దూరానికి సరిపోయి ఉంటుంది, నడిచేవారి ముందున్న మెట్టు మాత్రం మీటరున్నర దూరంలో ఉంటుంది. అందుకే ఇలాంటి అద్దాలు వాడే వృద్ధులలో పడిపోవడం ఎక్కువన్న అనుమానం పాతదే. 2010లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో మల్టీఫోకల్ వాడే సుమారు ఆరువందల మంది వృద్ధులను తీసుకుని, కొందరికి బయట తిరిగేటప్పుడు వాడటానికి దూరపు చూపు మాత్రమే ఉన్న అద్దాలను విడిగా ఇచ్చారు. మొత్తంమీద పెద్ద తేడా రాలేదు. తరచూ బయట తిరిగేవారిని విడిగా చూస్తే వారిలో పడిపోవడాలు నలభై శాతం మేర తగ్గాయి. అరుదుగా బయటికి వెళ్లేవారిలో మాత్రం ఆరుబయట పడిపోవడాలు పెరిగాయి. సన్నటి దారికి ఏళ్ల తరబడి అలవాటు పడిన కళ్లకు, ఎప్పుడో ఒకసారి మార్చి పెట్టుకునే ఆ రెండో జతే కొత్తదై ఉండవచ్చు.